‘నాన్న చంపేస్తాడక్కా’ అన్న మాటను ఇంగ్లిషులో ఎలా రాయాలి?

సలహా అడుగుతూ ఈసారి ఉత్తరం తూర్పు లండన్ నుంచి వచ్చింది. రాసినావిడ వయసు 33. గుంటూరులో ఆరో తరగతి దాకా చదువుకుని, వైద్యుడైన తండ్రికి బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఉద్యోగం రావడంతో 2003లో కుటుంబంతో ఇంగ్లండు వెళ్ళారు. ఇప్పుడు బ్రిటిష్ పౌరురాలు, భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు చేతిలో ఉంది. 2014లో డాక్యుమెంటరీలు తీసే ఒక సంస్థలో కాఫీలు అందించే, హార్డ్‌డిస్కులు మోసే ‘రన్నర్’గా చేరి, రీసెర్చర్‌గా, ఆపైన అసిస్టెంట్ ప్రొడ్యూసర్‌గా ఎదిగారు. ఆ చివరి హోదాను అక్కడ పొట్టిగా ‘ఏపీ’ అంటారట. ‘ఆంధ్రా వదిలి వచ్చినా ఏళ్ళ తరబడి ఏపీలోనే ఉండిపోయాను’ అని ఆవిడే చమత్కరించారు గానీ, ఆ తరువాతి వాక్యంలో నవ్వు లేదు: ‘ఎవరి ఇంటి తలుపైనా తట్టాల్సి వస్తే నన్ను పంపిస్తారు. తలుపు తెరుచుకున్నాక లోపలికి డైరెక్టరు వెళ్తాడు.’ పదకొండేళ్ళలో ఆవిడ పనిచేసిన 14 చిత్రాల్లో తొమ్మిది మన దేశాల నుంచి వెళ్ళినవాళ్ళ గురించే, అందులోనూ బలవంతపు పెళ్ళిళ్ళు, కట్నం, కుటుంబ హింస గురించే.

ఈ ఏడాది తొలిసారి ‘ప్రొడ్యూసర్’ అన్న పేరు ఇస్తామన్నారు. విషయం కేర్ వీసాల మోసం. చదువుకోవడానికి వచ్చి, వృద్ధులకు సేవచేసే ఉద్యోగపు వీసాకు మారిన ఒక తెలుగు అమ్మాయిని ఆవిడ వెతికి పట్టుకున్నారు. ఒక కన్సల్టెన్సీ నడిపే అతను, వీసాకు కావలసిన స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్టు పేరుతో ఆ అమ్మాయి దగ్గర 12 లక్షలు తీసుకున్నాడు. పల్నాడులో ఉన్న తండ్రి పొలం కాగితాలు పెట్టి నూటికి రెండు రూపాయల వడ్డీకి ఆ డబ్బు తెచ్చాడు. వారానికి 39 గంటల పని అని చెప్పి పది, పన్నెండు గంటలే ఇస్తున్నారు. ఏడుగురు అద్దెకుండే ఇంటి వంటగదిలో ఇంటర్వ్యూ తీశారు. కుక్కర్ కూతలు పెడుతుంటే రెండుసార్లు ఆపాల్సి వచ్చిందట. ఆ ఆగిన సందులో, కెమెరా తిరుగుతూనే ఉండగా, అమ్మాయి అలవాటుగా ‘మా నాన్నకి తెలిస్తే చంపేస్తాడక్కా’ అంది. ఏమందని డైరెక్టరు అడిగితే మన పాఠకురాలు నవ్వుతూ మాటకు మాట ఇంగ్లిషులో చెప్పేశారు.

ఎడిటింగ్ గదిలో ఆ వాక్యం చిత్రానికి గుండెకాయ అయి కూర్చుంది. ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్‌కు అది బాగా నచ్చింది, ప్రోమోలో కూడా పెడతానంటున్నారు. మూడు వారాల తరువాత అమ్మాయి ఫోన్ చేసి, భయంగా ఉందనీ, తనను తీసేయమనీ అడిగింది. తన ఇంటర్వ్యూను వాడుకోవచ్చని ఒప్పుకునే రిలీజ్ ఫారం మీద సంతకం ఉంది కాబట్టి తీయనవసరం లేదని సంస్థ అంటోంది. ఇది చాలదన్నట్టు ఆ కన్సల్టెన్సీ అతను మన పాఠకురాలి తండ్రి నిలబెట్టిన తెలుగు సంఘంలోనే ముఖ్యుడు. ‘ఇన్నేళ్ళు కూడబెట్టుకున్న మంచిపేరు నీ సినిమాతో పోవాలా?’ అని తండ్రి మాట్లాడడం మానేశారు. ఈ సంబంధం సంగతి ఆవిడ ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఛానల్ వాళ్ళకు చిత్రం తొలి కూర్పు, అంటే రఫ్ కట్, చూపించడానికి మూడు వారాలే గడువుంది. అమ్మాయిని తప్పించి పేరు పోగొట్టుకోవాలా, రాజీనామా చేసి హైదరాబాదు వచ్చి సొంతంగా చిత్రాలు తీసుకోవాలా, పోనీ తనే ఫోన్ కెమెరాతో పల్నాడు వెళ్ళి ఆ తల్లిదండ్రులతో మాట్లాడి చిత్రాన్ని సరిదిద్దాలా అన్నది ప్రశ్న.

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు మూడు కష్టాలను ఒక్క తాడుగా పేనుకుని, ఆ తాడు తెగడం లేదని బాధపడుతున్నారు. అమ్మాయి సంగతి ఒకటి, మీ నాన్నగారి సంగతి ఒకటి, మీ ఉద్యోగ జీవితం ఒకటి. వీటిలో మొదటిదానికి మాత్రమే తేదీ ఉంది, పైగా అందులో దెబ్బ తగిలేది మీకు కాదు. కాబట్టి దాన్ని ముందు విడదీద్దాం. అది తేలితే మిగిలిన రెండూ ఇప్పుడు కనిపిస్తున్న ఆకారంలో ఉండవని నా అనుమానం.

సంతకం గురించి మీ ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ చెప్పింది అబద్ధం కాదు. రిలీజ్ ఫారం మీద సంతకం చేసిన మనిషికి, మనసు మారింది కనుక తనను తీసేయమనే హక్కు దానంతట అదే రాదు. అయితే ఆ కాగితం మీ సంస్థకూ అమ్మాయికీ మధ్య ఒప్పందం మాత్రమే. ప్రసారం చేసే ఛానల్ మీద బ్రిటన్ ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నియమావళి అనే మరో బరువుంది, దాని ఏడో విభాగం అచ్చంగా ఇలాంటి సంగతుల కోసమే రాసినది. పాల్గొనే వ్యక్తికి కార్యక్రమం స్వభావం, ఉద్దేశం ముందే చెప్పాలి. తరువాత కార్యక్రమం మారి, ఆ మార్పు వల్ల మొదట ఇచ్చిన అంగీకారం మీద ప్రభావం పడేలా ఉంటే ఆ సంగతీ తెలియజేయాలి. 2021 ఏప్రిల్ నుంచి ఇంకొక మాట చేర్చారు: పాల్గొనడం వల్ల ఆ వ్యక్తి క్షేమానికి రాగల ముప్పులేమిటో, వాటిని తగ్గించడానికి ఏం చేస్తారో కూడా చెప్పాలి.

ఇప్పుడు మీ చిత్రాన్ని ఈ కొలతతో చూడండి. అమ్మాయి ఒప్పుకున్నది వీసాల పేరుతో జరిగే దోపిడీ మీద తీసే చిత్రంలో మాట్లాడడానికి. ఎడిటింగ్‌లో తయారవుతున్నది, పరువు కోసం కూతుర్ని చంపగల తండ్రి నీడలో బతికే అమ్మాయి కథ. ఇది చిన్న మార్పు కాదు, చిత్రమే మారిపోయింది. మారిందని ఆమెకు ఎవరూ చెప్పినట్టు మీ ఉత్తరంలో లేదు. మీరు సంస్థతో మాట్లాడేటప్పుడు ‘పాపం, భయపడుతోంది’ అని మొదలుపెడితే అది మీ మెత్తదనం కింద కొట్టుకుపోతుంది. ‘ఆమె అంగీకరించిన చిత్రం ఇది కాదు, ఛానల్ న్యాయ విభాగం రేపు ఇదే అడుగుతుంది’ అని మొదలుపెడితే వినక తప్పదు. ప్రసారమయ్యాక ఆ అమ్మాయే ఆఫ్‌కామ్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చుననీ, అప్పుడు జవాబు చెప్పుకోవలసింది ఛానలేననీ మీ సంస్థలో అందరికీ తెలుసు.

ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే చిక్కంతా అక్కడే మొదలైంది. మన ఇళ్ళలో ‘అమ్మ చంపేస్తుంది’ అంటే పెరుగు గిన్నె పగిలిందని అర్థం. ‘నాన్న చంపేస్తాడు’ అంటే మార్కులు తగ్గాయనో, బండి గీసుకుపోయిందనో. ఆ అమ్మాయి నోట ఆ మాటకు ఇంకాస్త బరువుంది, కాదనను. నెలకు 24 వేలు వడ్డీ కడుతున్న తండ్రి ముఖం ఆమెకు ఆ క్షణంలో కనపడి ఉంటుంది. అది సిగ్గు, అపరాధ భావం, నాన్న పడే బాధను తలుచుకుని కలిగే భయం. నాన్న చేతిలో కత్తి కాదు. ఇంగ్లిషువాళ్ళ ఇళ్ళలోనూ పిల్లలు ఇదే మాట ఇదే అర్థంలో అంటారు. ఒక తెల్ల అమ్మాయి అంటే ఎవరూ ఉలిక్కిపడరు. గోధుమరంగు ముఖం కింద అవే అక్షరాలు తెల్లగా పడితే ప్రేక్షకుడి మనసులో వేరే చిత్రం నడుస్తుంది. పదకొండేళ్ళు ఆ కథలే తీసిన మీకు ఇది నేను చెప్పాలా?

ఇక్కడ మిమ్మల్ని కొంచెం నొప్పించక తప్పదు. ఆ వాక్యాన్ని సందర్భం లేకుండా దాటించింది మీరే. ఆ గదిలో తెలుగు తెలిసిన మనిషి మీరొక్కరే. ఎడిటర్ కత్తెర పట్టుకున్నది మీ అనువాదం మీదే. నవ్వుతూ అన్నానని మీరు రాశారు, కానీ నవ్వు సబ్‌టైటిల్‌లోకి ఎక్కదు. ఇందులో నాకు కనపడే మంచి ఏమిటంటే, మీరు చేసినదాన్ని దిద్దే అధికారం కూడా మీకే ఉంది. అనువాదం తప్పని అనువదించిన మనిషే రాసి ఇస్తే, దాన్ని పక్కనపెట్టి ప్రసారం చేసే ధైర్యం, నియమాల పాటింపు చూసే ఏ కంప్లయన్స్ విభాగానికీ ఉండదు. అవసరమైతే బయటి తెలుగు అనువాదకుడి చేత ఆ మొత్తం ఇంటర్వ్యూను మరోసారి రాయించమని అడగండి. సరైన సబ్‌టైటిల్ ఏదో ఇంగ్లిషులో నేను చెప్పబోను, అది మీ వృత్తి. ‘నాన్నకు ముఖం చూపించలేను’ అన్న భావం దానికి దగ్గరగా ఉంటుందని నాకు తోస్తుంది.

అమ్మాయి భయానికి మీరు ఊహించని కారణం ఒకటి ఉండవచ్చు. కేర్ వర్కర్లకు ఆ వీసా తలుపు 2022 ఫిబ్రవరిలో తెరిచారు. 2024 మార్చి 11 నుంచి భార్యాభర్తల్నీ పిల్లల్నీ వెంట తెచ్చుకోనివ్వడం ఆపారు. 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి కొత్తవాళ్ళను తీసుకోవడమే మానేశారు. 2022 జులై, 2024 డిసెంబరు మధ్య ఈ రంగంలో 470కి పైగా సంస్థల స్పాన్సర్ లైసెన్సులు రద్దయ్యాయి. లైసెన్సు పోయిన యజమాని దగ్గర పనిచేసేవాళ్ళకు హోం ఆఫీసు ఉత్తరం అందాక మామూలుగా 60 రోజుల గడువే ఉంటుంది, ఆలోగా మరో స్పాన్సర్‌ను చూసుకోవాలి. ఇలాంటి గాలిలో, ‘సర్టిఫికెట్టుకు డబ్బు కట్టాను’ అని కెమెరా ముందు చెప్పడం వల్ల తన వీసా ఏమవుతుందో ఆమెకు ఎవరైనా చెప్పారా? పని ఇప్పిస్తామని పనివాడి దగ్గర రుసుము తీసుకోవడం బ్రిటన్‌లో 1973 చట్టం ప్రకారమే నేరం, కనుక ఆమె బాధితురాలు. అయినా బాధితురాలు అన్న మాట వీసా అధికారి ముందు ఎంతవరకు నిలుస్తుందో వకీలు చెప్పాలి గానీ మీరూ నేనూ చెప్పకూడదు.

కాబట్టి ఆమెకు మీ సంస్థతో సంబంధం లేని ఇమిగ్రేషన్ సొలిసిటర్‌తో ఒక గంట మాట్లాడే ఏర్పాటు చేయించండి. ఫీజు సంస్థ కట్టవచ్చు, సలహా మాత్రం ఆమెకే చెందాలి. ఆ తరువాత ఆమె ముందు కొన్ని దారులుంటాయి. పూర్తిగా తప్పుకోవచ్చు. అప్పుడు మీ చిత్రం నడుం విరుగుతుంది, మూడు వారాల్లో మరో మనిషి దొరకదు, ప్రసారం వాయిదా పడుతుంది, ఆ కోపం మీ మీదికి వస్తుంది. ముఖం దాచి ఉండవచ్చు. కానీ ముఖం మసక చేసినంత మాత్రాన మన సమాజంలో ఎవరూ దాగరు. పల్నాడు యాస, గోడ మీది తెలుగు క్యాలెండరు, ‘ఆ కుక్కర్ మా రూమ్‌ది కదా’ అని గుర్తుపట్టే ఆరుగురు సహవాసులు ఉన్నారు. గొంతు వేరొకరిది పెట్టి, వంటగది దృశ్యాలు మొత్తం వదిలేస్తేనే అది దాచడం అవుతుంది. మీరు ఎంతో ఇష్టపడి తీసిన ఘట్టం పోతుంది. లేదా వీసా సంగతి తేలేవరకు ఆమె భాగాన్ని పక్కన పెట్టి, ఆమె స్పాన్సర్ మీదా కన్సల్టెన్సీ మీదా దొరికిన కాగితాలతో చిత్రం నడిపించవచ్చు. బ్యాంకు బదిలీలు, వాట్సాప్ సందేశాలు ఆమె ముఖం కంటే గట్టి సాక్ష్యమని మీ న్యాయవాది కూడా ఒప్పుకుంటాడు. నాలుగోది, అన్నీ తెలిశాక ఆమే ‘ఉంచండి’ అనవచ్చు. అదీ అసంభవం కాదు, కోపం వచ్చిన మనిషి భయపడ్డ మనిషి కంటే బాగా మాట్లాడుతుంది.

ఈ నాలుగింట్లో ఏది మంచిదో ఆమెకు మీరు చెప్పకండి. మీరు చెబితే ఆమె చేస్తుంది, చిక్కు అక్కడే ఉంది. ఆమె సంతకం చేసింది ఫారం చదివి కాదు, ‘అక్కా’ అని పిలిచిన మనిషి పెన్ను అందించింది కనుక. 2004లో అనంతపురం జిల్లాలో నేనూ ఇలాగే ఒకావిడ దగ్గర కూర్చుని, ‘చెప్పమ్మా, నలుగురికీ తెలియాలి’ అని బతిమాలి, భర్త చేసిన అప్పుల వివరాలన్నీ పేరుతో సహా అచ్చు వేయించాను. ఆమె ఒప్పుకునే చెప్పింది. పత్రిక వచ్చిన వారానికి, తమ పేర్లు బయటపెట్టిందని అప్పులవాళ్ళు ఆమె గుమ్మంలో కూర్చున్నారు. నాకు ఆ వ్యాసం మీద మంచి పేరు వచ్చింది. మళ్ళీ ఆ ఊరు వెళ్ళడానికి నాకు ముఖం చెల్లలేదు.

ఇక మీ నాన్నగారి సంగతి. ఆయన మాట్లాడడం లేదన్న బాధ మీ ఉత్తరం నిండా ఉంది, కానీ వృత్తిపరంగా మీరు చేసిన అసలు పొరపాటు ఆ బాధ చాటున ఒక్క వాక్యంలో దాక్కుంది: కన్సల్టెన్సీ అతను మీ కుటుంబానికి తెలిసినవాడన్న సంగతి మీరు ఆఫీసులో చెప్పలేదు. ఈ రోజే చెప్పండి, ఈ-మెయిల్‌లో చెప్పండి. తప్పుచేశాడని ఎవరి మీద ఆరోపిస్తామో అతనికి జవాబిచ్చే అవకాశం తగిన సమయంలో ఇవ్వాలని అదే నియమావళి చెబుతుంది. ఆ ఉత్తరం అందిన మరునాడు అతని లాయరు మొదట వెతికేది ‘ఈ ప్రొడ్యూసర్‌కు నా మీద సొంత కక్ష ఉందా, సంఘం గొడవలున్నాయా’ అనే. మీరు దాచినట్టు అప్పుడు బయటపడితే, 2013 పరువునష్టం చట్టం ఇచ్చే రక్షణల కింద మీ సంస్థ నిలబడగలిగినా మీ మీద నమ్మకం నిలబడదు. ముందే చెబితే మహా అయితే ఆ భాగాన్ని మరో సహోద్యోగి చేతికి ఇస్తారు. నిజానికి మీరే ఇవ్వమని అడగడం మేలు. అతనికి వెళ్ళే ఉత్తరం సంస్థ పేరుతో వెళ్ళాలి. మీ నాన్నగారి ఫోన్ ద్వారా ఒక్క కబురు కూడా అటూ ఇటూ తిరగకూడదు, రాజీ కబురైనా సరే. అలా చెప్పాక నాన్నగారితో ‘ఆ భాగం నా చేతిలో లేదు, దాని గురించి మనం మాట్లాడుకోవద్దు’ అనగలుగుతారు. దానితో ఆయన మౌనం వీడతారని నేను హామీ ఇవ్వలేను. ఆ సంఘంలో ఉగాదికి మీకు పిలుపు రాకపోవచ్చు.

ఆయన భయాన్ని మాత్రం పరువు పిచ్చి అని తీసిపారేయకండి. వలసవచ్చినవాళ్ళ మీద రోజూ రాజకీయం నడుస్తున్న దేశంలో, తెలుగువాడే తెలుగువాణ్ణి మోసం చేశాడన్న చిత్రం వస్తే మర్నాడు అంగట్లో ఆయన్ని ఎలా చూస్తారో ఆయనకు తెలుసు. దీనికి జవాబు చిత్రం ఆపడం కాదు, చిత్రాన్ని పూర్తిగా తీయడం. ఆ 12 లక్షలు ఎక్కడెక్కడికి వెళ్ళాయి? సర్టిఫికెట్టు ఇచ్చే అధికారం కన్సల్టెన్సీకి లేదు, లైసెన్సున్న కేర్ సంస్థకే ఉంది. ఆ సంస్థ యజమాని ఎవరు, అతనికి లైసెన్సు ఇచ్చేటప్పుడు తనిఖీ చేయవలసింది ఎవరు? ఉద్యోగం పోతే వీసా పోయేలా కట్టిన నియమమే పనివాళ్ళ నోరు ఎలా నొక్కిందో చూపించకుండా, మధ్యలో కమీషన్ కొట్టేసిన మనవాడిని ఒక్కణ్ణే చూపిస్తే అది సగం నిజం. మీ నాన్నగారికి చూపించగల చిత్రం, న్యాయంగా తీసిన చిత్రం, ఈ ఒక్కసారికి రెండూ ఒకటే.

పల్నాడు ప్రయాణం గురించి ఖచ్చితంగా చెబుతాను: ఇలా వద్దు. ఓసీఐ కార్డు ఉంటే స్వదేశానికి వచ్చినట్టేనని చాలామంది అనుకుంటారు. 2021 మార్చి 4న కేంద్ర హోంశాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం పాత్రికేయ పనులు చేయాలంటే ఓసీఐ కార్డుదారులు ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి విదేశీయుల నమోదు చూసే కార్యాలయం ఎఫ్ఆర్ఆర్ఓ నుంచి గానీ భారత రాయబార కార్యాలయం నుంచి గానీ రావాలి. బ్రిటిష్ ఛానల్ కోసం తీస్తూ, అది చిన్న ఫోన్‌తోనే కదా అంటే అధికారి వినడు. కార్డు రద్దయితే రేపు అమ్మమ్మను చూడడానికి రావడానికి కూడా వీసా క్యూలో నిలబడాలి. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటుంది. కూతురు చెప్పని మోసం సంగతి, వీసా సంగతి ఆ తల్లిదండ్రులకు కెమెరా ద్వారా తెలియడం ఏ పద్ధతి? చిత్రాన్ని సరిదిద్దడానికి వెళ్తున్నానని మీరు నమ్ముతున్నారు. ఆ గుమ్మంలో మీరు కూడా ‘యాక్సెస్’ కోసం వచ్చిన మనిషే.

చివరికి మీ ఉద్యోగ జీవితం. మిమ్మల్ని ఒక అరలో పెట్టారన్నారు. ఆ అర పాతది. 1965 అక్టోబరులో బీబీసీ వలసవచ్చిన భారత, పాకిస్తాన్ కుటుంబాల కోసం హిందుస్తానీలో ఒక కార్యక్రమం మొదలుపెట్టి, దానికి ‘అప్నా హీ ఘర్ సమఝియే’ అని పేరు పెట్టింది. ‘మీ ఇల్లే అనుకోండి’ అని అతిథితో అంటాం, ఇంటివాళ్ళతో అనం. 1982 నవంబరులో ఛానల్ 4 వచ్చి, తను తీయకుండా బయటి సంస్థల దగ్గర కార్యక్రమాలు కొనే పద్ధతి పెట్టాక చిన్న సంస్థలకు తలుపు తెరుచుకుంది, మీలాంటివాళ్ళకు పనులు పెరిగాయి. అర మాత్రం అరలాగే ఉంది.

నాకు తోచేది ఏమిటంటే, మిమ్మల్ని బాధిస్తున్నది మనవాళ్ళ కథలు తీయవలసి రావడం కాదు. మీ ఉత్తరంలో ఆ కథల మీద విసుగు ఎక్కడా లేదు, కుక్కర్ కూతల్ని రాసిన తీరులో ప్రేమే ఉంది. తలుపు తెరిపించే పని మీది, లోపల ఏం చూడాలో నిర్ణయించే పని ఇంకొకరిది కావడం బాధిస్తోంది. ఈ రెండు జబ్బులకూ మందు వేరు. మొదటిదైతే విషయం మార్చుకోవాలి, రెండోదైతే ఒప్పందం మార్చుకోవాలి. నార్వేలో పుట్టిన దియా ఖాన్ కుటుంబ మూలాలు పాకిస్తాన్‌లో, అఫ్ఘానిస్తాన్‌లో ఉన్నాయి. బ్రిటన్‌లో సొంతవాళ్ళ చేతిలో హతమైన కుర్దిష్ అమ్మాయి గురించి 2012లో తొలి డాక్యుమెంటరీ తీశారు. అక్కడితో ఆవిణ్ణీ అరలో పెట్టేయవలసింది. 2017లో అమెరికాలో తెల్లజాతి దురహంకారుల ఎదురుగా కూర్చుని, తన రంగునే ప్రశ్నగా చేసి మరో చిత్రం తీశారు. నేపథ్యాన్ని ఆవిడ వదులుకోలేదు, దానితో ఏం చేయాలో తనే నిర్ణయించుకున్నారు. ఆవిడకు సొంత నిర్మాణ సంస్థ ఉందన్న సంగతి ఇక్కడ చిన్నది కాదు.

మీకు రేపే సంస్థ పెట్టమని చెప్పను. ఫ్రీలాన్స్ పనులు బాగా తగ్గిన రోజులివి, అద్దె కట్టాలి. ఈ చిత్రంలో ఉండి పోరాడడం ఒక దారి. సబ్‌టైటిల్స్ మీద చివరి మాట, ఎడిట్ గదిలో కూర్చునే హక్కు, ప్రొడ్యూసర్ అన్న పేరు మూడూ కాగితం మీద అడగండి. మొదటి రెండూ లేకుండా మూడోది మాత్రమే ఇస్తే, ఆ పేరు మీకిచ్చిన గౌరవం కాదు, రేపు మనవాళ్ళు తిట్టడానికి తెర మీద ఒక తెలుగు పేరు అవసరమై పెట్టింది. తప్పుకోవడం మరో దారి. అప్పుడు మీ మనస్సాక్షి శుభ్రంగా ఉంటుంది గానీ, రషెస్, అంటే తీసిన ముడి దృశ్యాలు, సంస్థవే కాబట్టి అమ్మాయి అక్కడే ఉండిపోతుంది, తెలుగు తెలిసిన ఒక్క మనిషీ గది వదిలి వెళ్ళిపోతుంది. అందుకే ఆమె సంగతి తేలకముందు రాజీనామా వద్దని నా అభిప్రాయం. తేలాక చేస్తే అది వేరే. మాట్లాడడానికి వెళ్ళేముందు, మీ రంగపు కార్మిక సంఘాలైన బెక్టూలోనో ఎన్‌యూజేలోనో సభ్యత్వముంటే వాళ్ళతో ఒకసారి ఒప్పందం చదివించండి. లేకపోతే చేరండి, ఇన్నేళ్ళు ఎందుకు చేరలేదో నాకు అర్థం కాలేదు.

హైదరాబాదు ఆలోచనను నేను కొట్టివేయను, కానీ కోపంలో కొన్న టిక్కెట్టు మీద రాకండి. పాత్రికేయ పనికి అనుమతి గొడవ ఇక్కడా మీ వెంటే ఉంటుంది, డాక్యుమెంటరీకి డబ్బు పెట్టే ఛానళ్ళు ఇక్కడ ఇంకా తక్కువ. మీ సొంత చిత్రం ఆలోచన ఏదైనా ఉంటే షెఫీల్డ్ డాక్యుమెంటరీ ఉత్సవంలో, చిత్రాల ఆలోచనలను డబ్బు పెట్టేవాళ్ళకు వినిపించే పిచింగ్ వేదికా, బ్రిటన్‌లో లాటరీ నిధులను డాక్యుమెంటరీలకు అందించే డాక్ సొసైటీ మీకు రైలు దూరంలోనే ఉన్నాయి. మన దేశంలో అలాంటి వేదిక కావాలంటే కోల్‌కతాలో డాక్‌ఎడ్జ్ ఉంది. పదకొండేళ్ళలో మీరు తలుపులు తెరిపించిన ఇళ్ళలో, డైరెక్టరు అడగకుండా వదిలేసిన ప్రశ్నలు మీ నోటు పుస్తకాల్లో ఉండి ఉంటాయి. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఈ వారం మాత్రం పనులు ఈ వరుసలో చేయండి. ముందు మీ కుటుంబ పరిచయం సంగతి చెబుతూ ఒక ఈ-మెయిల్. దాని వెంటనే, ఆ వాక్యానికి మీరు చేసిన అనువాదం తప్పని, సరైనది ఇదని మరొకటి. ఆ రెండూ పంపాకే అమ్మాయిని కలవండి. కెమెరా, ఫారం, పెన్ను ఏవీ తీసుకెళ్ళకండి. ఆ వంటగదిలో కాకుండా సహవాసులు వినని చోట కూర్చోండి. ఆమె మాటను ఇంగ్లిషులో మీరు ఏమని రాశారో, దానివల్ల వాళ్ళ నాన్న చూసేవాళ్ళకు ఎలాంటి మనిషిగా కనిపిస్తాడో ఆమెకు తెలుగులో చెప్పండి. ఆ సంగతి ఆమెకు ఇంకా తెలియదు.